8 ఓట్ల మెజారిటీ, 8 బూత్‌ల అదృశ్యం

ఓట్లను సరిగ్గా లెక్కపెట్టడం ప్రజాస్వామ్యానికి అంత అవసరమేమీ కాదని అమెరికాలోని అయోవా రాష్ట్రంలో రెండు ప్రధాన పార్టీలూ ఎంతో శ్రమకోర్చి నిరూపించాయి. అయినా వాటికి దక్కవలసిన కీర్తి దక్కలేదు. అధ్యక్ష అభ్యర్థుల ఎంపికలో దేశమంతటికంటే ముందు తీర్పు చెప్పడం చాలాకాలం అయోవా హక్కుగా ఉండేది. అక్కడి కాకస్‌లను, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే స్థానిక సభలను, ప్రభుత్వం కాక పార్టీయే నడుపుతుంది. చలికాలపు రాత్రి బడుల్లో, చర్చిల్లో జనం కూడుతారు. కార్యకర్తలే లెక్కించి, కాగితం నింపి, సంతకం పెట్టి పైకి పంపుతారు. పెళ్లివారే పురోహితులైన చోట ముహూర్తం దాటిందని అడిగేవాడెవడు?

2012 జనవరి 3 రాత్రి రిపబ్లికన్లు తెల్లకాగితాల మీద పేర్లు రాసి లక్షా ఇరవై వేల పైచిలుకు ఓట్లు వేశారు. నడిరాత్రి దాటాక పార్టీ మిట్ రోమ్నీకి 30,015, రిక్ శాంటోరమ్‌కు 30,007 అని ప్రకటించింది. అంటే 8 ఓట్ల మెజారిటీ. ఇంతలో అపనూస్ కౌంటీ ఓటరు ఒకరు తమ బూత్‌లో రోమ్నీకి పడినవి 2 మాత్రమేనని, పార్టీ 22 అని వేసుకుందని లేచాడు. ఇటువంటి సంకుచిత దృష్టి గలవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. పదహారు రోజుల తరువాత ధ్రువీకరించిన లెక్కలో శాంటోరమ్ 34 ఓట్ల ఆధిక్యంలో తేలాడు. 8 బూత్‌ల కాగితాలు మాత్రం ఎక్కడా దొరకలేదు. పార్టీ మొదట ఎవరూ గెలవలేదన్నట్లు మాట్లాడి, ఆ వెంటనే శాంటోరమే గెలిచాడని ఒప్పుకుంది. అప్పటికి తరువాతి రాష్ట్రమైన న్యూహాంప్‌షైర్‌లో పోలింగ్ కూడా ముగిసింది. అయోవా విజేతగా దండలు వేయించుకోవడం రోమ్నీ ఎప్పుడో పూర్తిచేశాడు. నెల తిరగకుండానే రాష్ట్ర పార్టీ అధ్యక్షుడు రాజీనామా చేశాడు. అసలు విశేషం ఆగస్టులో జరిగింది: అభ్యర్థిని ఖరారుచేసే పార్టీ జాతీయ మహాసభలో, కాకస్ ఓట్లకు కట్టుబడనక్కర్లేని అయోవా 28 మంది ప్రతినిధులలో 22 మంది మూడో స్థానంలో వచ్చిన రాన్ పాల్‌కు ఓటేశారు. మొదటివాడు, రెండోవాడు ఎవరన్న తగవులో లోకం మునిగి ఉండగా, మూడోవాడి మనుషులు సభలు ముగిసేదాకా ఓపిగ్గా కూర్చుని ప్రతినిధుల పదవులు పట్టుకుపోయారన్నమాట. లెక్కలు నమ్మినవాళ్లకు ఓట్లు మిగిలాయి, కుర్చీలు నమ్మినవాళ్లకు ప్రతినిధులు దక్కారు.

డెమోక్రాట్లు ఈ శాస్త్రాన్ని 2020లో మరింత ముందుకు తీసుకువెళ్లారు. కొత్త యాప్ ఆ రాత్రి అరకొర అంకెలే పంపింది, ఫోన్లు కలవలేదు, ఎవరు గెలిచారో పొద్దున్నకీ తెలియలేదు. బెర్నీ శాండర్స్‌కు తొలి విడతలో దాదాపు 6,000 ఓట్లు ఎక్కువ వచ్చాయి. అయితే గెలుపును కొలిచేది ఓట్లతో కాక ప్రతినిధుల వాటాతో కనుక పీట్ బుటిజెజ్ ముందున్నాడు. పునఃపరిశీలనలో ఆ ఆధిక్యం ఒక ప్రతినిధిలో 0.08 వంతుకు దిగింది. మనిషిలో ఎన్నో వంతు బుటిజెజ్‌ను గెలిపించిందో గణితజ్ఞులు తేల్చవలసి ఉంది. బూత్ కాగితాల్లో కూడికలు తప్పాయని బయటపడినప్పుడు పార్టీ న్యాయవాది ఇచ్చిన అభిప్రాయం శిలాక్షరాలతో చెక్కదగినది: సంతకాలైన కాగితం చట్టబద్ధమైన రికార్డు కాబట్టి, అందులోని తప్పు లెక్కను దిద్దడమే రికార్డును పాడుచేయడమవుతుంది. రెండూ రెండూ అయిదని ముగ్గురు సంతకం పెట్టాక నాలుగనడం నేరమే కదా! ఈ కాకస్‌లో విజేతను ప్రకటించబోమని వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ చేతులెత్తేసింది. 2024 నాటికి డెమోక్రాట్లు అయోవాను ముందువరుస నుంచి తప్పించారు. ఫలితం ఆలస్యమైనందుకు ఇంత పెద్ద శిక్ష వేయడం అన్యాయమని నా అభిప్రాయం.

రిపబ్లికన్లు మాత్రం అయోవాను మొదటి స్థానంలోనే ఉంచి, 2024 జనవరి 15న సమస్యకు శాశ్వత పరిష్కారం చూశారు. సమావేశాలు మొదలైన అరగంటకే, చాలాచోట్ల జనం ఇంకా ఓటు వేయకముందే, ట్రంప్ గెలిచాడని అదే అసోసియేటెడ్ ప్రెస్ ప్రకటించింది. ట్రంప్ ప్రత్యర్థి రాన్ డిశాంటిస్ వర్గం దీన్ని ఎన్నికలలో జోక్యమంటూ మండిపడింది గానీ, ఈసారి లెక్క తప్పిందని ఎవరూ అనలేకపోయారు.