గాదెలో గింజ చచ్చిందనుకునేవారికి

"వైరస్ ప్లాస్టిక్‌పై 17 రోజులు బతుకుతుంది. శానిటైజర్ అన్ని వైరస్‌లనూ చంపుతుంది. నీళ్లలో మాత్రం వైరస్ గంటలోపే చస్తుంది, కాబట్టి తేటనీళ్లను కాచనక్కరలేదు. రాగి బిందెలో ఉంచితే చాలు." ఈ సందేశం ఈ వారంలో నాకు అయిదోసారి వచ్చింది. పంపుతున్నవారు శ్రీకాకుళంలో నాతోపాటు నాగావళి ఒడ్డున ఉదయపు నడకకు వచ్చే మిత్రులే కనుక, ముఖాన అనలేక ఇక్కడ రాస్తున్నాను.

17 రోజుల లెక్క 2020లో కరోనా ప్రబలిన డైమండ్ ప్రిన్సెస్ అనే ప్రయాణికుల ఓడది. ప్రయాణికులు ఖాళీ చేసిన గదుల్లో అన్ని రోజుల తర్వాత దొరికినవి కరోనా ఆర్‌ఎన్‌ఏ (దాని జన్యుపదార్థం) ఆనవాళ్లు మాత్రమే. అవి సోకగలవని ఎవరూ తేల్చలేదు. పాము విడిచిన కుబుసం కరవదు. అదే ఏడాది ప్రయోగశాలలో కొలిచినప్పుడు, సోకగల వైరస్ ప్లాస్టిక్‌పై 72 గంటల వరకు, అట్టపై 24 గంటల వరకు కనిపించింది. ప్లాస్టిక్‌పై కూడా అది సుమారు ఏడేసి గంటలకు సగం చొప్పున తగ్గిపోయింది.

శానిటైజర్ సంగతి ఒక్క ముక్కలో తేలుతుంది. వాంతులూ విరేచనాలూ తెచ్చే, కొవ్వు పొర లేని నోరోవైరస్‌ మీద ఆల్కహాలు అంతగా పనిచేయదు; సబ్బుతో రుద్ది కడుక్కోవాలి.

నన్ను నిజంగా కలవరపెట్టినది నీళ్ల మాట. జీవకణం లేనిదే వైరస్ బతకదు, నీళ్లలో కణాలుండవు, కనుక చస్తుందట! కణం కావలసింది పెరగడానికి. గాదెలో వడ్లగింజ మొలకెత్తకపోతే చచ్చిందని ఏ రైతూ అనడు. కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఎ వైరస్ నీళ్లలో వారాలు, చల్లగా ఉంటే నెలల తరబడి కూడా నిలుస్తుంది. 1955 చివర ఢిల్లీలో యమునలోని మురుగు తాగునీటిలో కలిసి సుమారు 29,000 మందికి కామెర్లు వచ్చాయి. అప్పుడు క్లోరిన్ పెంచడం వల్ల టైఫాయిడ్ పెరగలేదు గానీ కామెర్లు తెచ్చిన వైరస్ మాత్రం దాటిపోయింది. అది హెపటైటిస్-ఇ అని దశాబ్దాల తర్వాత తేలింది. నిండు గర్భిణులకు అది సోకితే నూటికి ఇరవై మందికి పైగా చనిపోవచ్చు. నీళ్లు తాగిన రోజుకూ కళ్లు పచ్చబడిన రోజుకూ మధ్య అయిదారు వారాలు గడుస్తాయి కనుక, తప్పు బిందెదని ఎవరికీ తట్టదు. నిన్న తిన్న పకోడీని తిట్టి, పసరు మందుకు బయలుదేరతారు. చెలమ నీళ్లు అద్దంలా ఉంటాయన్నది నిజమే. ముప్పై నానోమీటర్ల వైరస్‌ను చూడగల కళ్లు సందేశం రాసినవారికి ఉన్నట్టున్నాయి, మనకు లేవు. 2024 అక్టోబరులో గుర్లలో ప్రబలిన అతిసారాన్ని చూసిన విజయనగరం వారు కూడా ఈ సందేశాన్ని ముందుకు పంపడం నాకు అంతుపట్టదు.

రాగి విషయంలో మాత్రం నేను తగ్గాలి. ఇది ఉత్త పాతకాలపు నమ్మకమని ఏళ్ల తరబడి ఎగతాళి చేశాను. పైన చెప్పిన ప్రయోగంలోనే రాగి రేకుపై కరోనా వైరస్ నాలుగు గంటలు దాటి కనిపించలేదు. అయితే అది రేకుపై పడిన బొట్టు, బిందెడు నీళ్లు కాదు. మా ఇంట్లోనూ రాగి బిందె ఉంది. అందులో పోసేది మరిగించి చల్లార్చిన నీళ్లే.