నేపథ్య సంగీతం: మిగిలితే

మా బావమరిది చెన్నై సాలిగ్రామంలో ఉంటూ 12 లక్షల్లో ఓ తెలుగు సినిమా తీస్తున్నాడు. ముప్ఫై ఏళ్లు బ్యాంకులో పనిచేసిన పాపానికి లెక్కలు నా మెడకు చుట్టుకున్నాయి. ఆ అనుభవంతో బాధ్యతగా చెబుతున్నాను: చిన్న సినిమా బడ్జెట్‌ను రూపాయల్లో వేయడం శుద్ధ అశాస్త్రీయం. బంధుత్వాల్లో వేయాలి.

లొకేషన్ పద్దు చూడండి. రూపాయల్లో సున్నా, బంధుత్వాల్లో ఒక పిన్ని. వలసరవాక్కంలో వాళ్ల పిన్నిగారిల్లు నాలుగు రోజులకని తీసుకుని పదకొండు రోజులు వాడాం. ఆవిడ మాతో మాటలు మానేశారు. ఈ నష్టాన్ని ఏ పద్దు కింద చూపాలో ఆడిటరూ తేల్చలేకపోయాడు.

కథలో కుక్క ఉంది. కుక్కను చూపిస్తే జంతు సంక్షేమ బోర్డు కాగితం కావాలి. ఆ బోర్డు ఒకప్పుడు తిరువాన్మియూర్‌లోనే ఉండేది, ఇప్పుడు హర్యానాకు వెళ్లిపోయింది. అందుకని మా సినిమాలో కుక్క గురించి అందరూ మాట్లాడతారు, అది మాత్రం కనపడదు. సింబాలిక్ అని రాసుకున్నాం.

భోజనాల్లో పొదుపు కుదరదు. పొద్దున పొంగల్ చల్లారితే మధ్యాహ్నానికి లైట్లు సరిగ్గా వెలగవు. ఇది భౌతికశాస్త్రం.

ఇక సంగీతం. కాగితంలో అది ఆఖరి వరుస. అంకె ఉండాల్సిన చోట మా బావమరిది తన ముత్యాల్లాంటి అక్షరాలతో "మిగిలితే" అని రాశాడు. పెళ్లి సందట్లో పుస్తె కట్టడం మరిచారని నవ్వుకుంటాం గానీ, వాళ్లు కనీసం పుస్తె కొన్నారు.

ఎడిటింగ్‌లో తాత్కాలికంగా ఓ విదేశీ సింఫనీ వేసుకున్నారు. మూడు నెలలు వినేసరికి దర్శకుడికి దాని మీద మనసు పడిపోయింది. కీబోర్డు ముందున్న కుర్రాణ్ణి పిలిచి, "ఇదే ఫీల్ రావాలి తమ్ముడూ, పాతిక వేలు" అన్నాడు. అది వాయించింది దాదాపు వంద మంది. కుర్రాడు మర్యాదస్తుడు, "అన్నా, ఇందులో స్టూడియో అద్దె కూడానా?" అని మాత్రం అడిగాడు.

పోనీ ఏదైనా పాత పాట పది సెకన్లు వాడుకుందామన్నారు. పది సెకన్లకు డబ్బు కట్టక్కర్లేదనే నిబంధన వడపళని టీ కొట్లలో గట్టిగా అమల్లో ఉంది గానీ, 1957 నాటి కాపీరైట్ చట్టంలో ఎంత వెతికినా దొరకలేదు. బాణీ మీద హక్కు కట్టినవారు పోయాక కూడా 60 ఏళ్లు ఉంటుందట. రికార్డింగ్‌కైతే విడుదలైనప్పటి నుంచి 60.

అప్పుడు తట్టారు త్యాగరాజస్వామి. సిద్ధి పొందింది 1847లో. రాసింది తెలుగులో, ఉన్నది ఇక్కడే తిరువైయారులో. పైగా రాజుగారి కానుకలే వద్దన్నారని చెప్పుకుంటారు. మా బడ్జెట్‌కు తగిన సంగీత దర్శకుడు ఇన్నాళ్లకు దొరికాడని అందరం దండం పెట్టుకున్నాం.

కృతి ఉచితమే, పాడినవాళ్ల రికార్డు కాదు. కాబట్టి మనమే ఎవరిచేతైనా పాడించుకోవాలి. మా వాళ్లలో సంగీతం నేర్చుకున్నవారు ఒక్కరే. వలసరవాక్కంలో ఉంటారు.

టి.నగర్‌లో పట్టుచీర కొని, 9,500 సంగీతం పద్దు కింద రాసి, వెళ్లి బెల్లు కొట్టాను. ఆవిడ తలుపు సగమే తీసి, సంచీ వైపైనా చూడకుండా అడిగారు:

"ఈసారి ఎన్ని రోజులు, అల్లుడుగారూ?"