కానుక కప్పు కాఫీకి పనికొస్తోందా?

విజయనగరంలోని మా ఇంట్లో, వంటగది పై అరలో ఏడు కప్పులున్నాయి. ఒకటి ధనత్రయోదశికి బంగారం దుకాణం వాళ్లు ఇచ్చింది. రెండు ఇళ్ల స్థలాలు అమ్మే సంస్థలవి. ఒకటి కోచింగ్ సెంటర్‌ది, మరొకటి స్కానింగ్ సెంటర్ ప్రారంభోత్సవంలో చేతిలో పెట్టింది. మిగిలిన రెండింటి మీద పేర్లు చెరిగిపోయి, ఫోన్ నంబర్లో సగం అంకెలు మాత్రం మిగిలాయి. ఈ ఏడింటిలో ఏ ఒక్కదానిలోనూ మేము కాఫీ పోసుకోం. ఒకదానిలో పెన్నులు, ఇంకొకదానిలో కరెంటు పోయినప్పుడు వెతుక్కునే అగ్గిపెట్టె, కొవ్వొత్తి ముక్కలు. కాఫీ మాత్రం పాత స్టీలు గ్లాసుల్లోనే.

ఆ గ్లాసుల గురించి కాస్త చెప్పాలి. అంచు కింద, వేలితో తడిమితే గానీ తెలియనంత సన్నగా, మా పెదనాన్న పేరు, మా గృహప్రవేశం తేదీ చెక్కి ఉంటాయి. అప్పట్లో స్టీలు సామాన్లు కొంటే దుకాణంలోనే చిన్న మిషనుతో గిర్రుమనిపిస్తూ పేరు చెక్కి ఇచ్చేవారు. ముప్పై ఏళ్లుగా ఆ పేరు రోజూ మా వేళ్ల కిందే ఉంది. పాత్ర మీద పేరు వేసి ఇవ్వడం తెలుగు ఇళ్లకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. అయితే అక్కడ పాత్ర ముందు, పేరు తర్వాత. ఇప్పుడు దుకాణాలు పంచుతున్న కప్పుల్లో ఈ వరస తలకిందులైంది. ఫ్లెక్సీ బ్యానర్‌ను కప్పు చుట్టూ చుట్టి, ఒక పిడి తగిలించి ఇస్తున్నారు. నా అభ్యంతరమంతా దాని మీదే.

కప్పు పంచడం దండగ అని నేను అనను. లెక్క చూస్తే అంతకంటే చవకైన ప్రచారం చిన్న వ్యాపారికి దొరకదు. దసరా తర్వాత వచ్చే మంగళవారం మా ఊరి అమ్మవారి పండుగ, సిరిమానోత్సవం. ఆ రోజుల్లో పైడితల్లి అమ్మవారి గుడి నుంచి కోట వరకు ఎక్కడ చూసినా శుభాకాంక్షల బ్యానర్లే. పండుగ దాటగానే అవి చిరుగుతాయి, లేదా ఎవరి పాక మీదకో చేరతాయి. పైగా వంద మైక్రాన్ల కంటే పలచని ప్లాస్టిక్ బ్యానర్లను 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. కప్పు అలా కాదు. ఒక్కోటి 150 రూపాయలు పడిందనుకుందాం. పుచ్చుకున్నవారు రోజుకు రెండుసార్లు చొప్పున రెండేళ్లు వాడితే 1,460 సార్లు ఆ పేరు వారి కళ్లబడుతుంది. ఒక్కోసారికి పడే ఖర్చు పది పైసలు.

ఈ లెక్కంతా 'వాడితే' అన్న ఒక్క మాట మీద నిలబడింది. మా ఇంట్లో ఏడు కప్పులూ అక్కడే కూలిపోయాయి.

మొదటి తప్పు కొలత. బజారులో ప్రచారానికి అమ్మే మామూలు కప్పు 11 ఔన్సులది, అంటే సుమారు 325 మిల్లీలీటర్లు. పాలు తక్కువ కలిపిన పలచని కాఫీని బల్ల దగ్గర కూర్చుని గంటసేపు తాగే దేశాల కొలత అది. మన ఇళ్లలో చిక్కటి పాలతో కలిపే కాఫీ గ్లాసుకు నూట ఇరవై, మహా అయితే నూట యాభై మిల్లీలీటర్లు. దాన్ని ఈ కప్పులో పోస్తే సగానికి కూడా రాదు. అతిథికి అలా ఇస్తే పిసినారితనంగా కనబడుతుందని మా అమ్మ ఒప్పుకోదు. నిండుగా పోస్తే పాల ఖర్చు రెండింతలు, తాగేవారికి ఎక్కువై చివర సింకులో పారబోత. ఇంకో సంగతి కూడా ఉంది. మందపాటి పింగాణీ కప్పు కొద్దిపాటి కాఫీలోని వేడిని ముందు తానే లాగేసుకుంటుంది. రెండు గుక్కలకే కాఫీ గోరువెచ్చన. వేడివేడిగా ఊదుకుంటూ తాగే అలవాటున్న చోట ఆ కప్పు పై అరకు పోక ఏమవుతుంది? నూట యాభై మిల్లీలీటర్ల చిన్న కప్పులూ తయారవుతున్నాయి. అడిగి తెప్పించుకునేవారే తక్కువ.

రెండో తప్పు అచ్చు. మా ఊళ్లో మూడు లాంతర్ల సెంటరు వైపు ఒక ప్రింటింగ్ షాపులో నిలబడి ఈ పని దగ్గరగా చూశాను. బొమ్మను అద్దంలో కనిపించినట్టు తిరగేసి ప్రత్యేక కాగితం మీద అచ్చు వేస్తారు. దాన్ని తెల్ల కప్పుకు చుట్టి, వేడికి తట్టుకునే టేపు అంటించి, చిన్న ప్రెస్సులో బిగిస్తారు. 180 నుంచి 200 డిగ్రీల వేడిలో మూడు నిమిషాలు. సిరా ఆవిరై కప్పు పైపూతలోకి ఇంకుతుంది. కాగితం ఒలిచినప్పుడు రంగులు మెరుస్తూ బయటపడే ఆ క్షణం నిజంగా ముచ్చటగా ఉంటుంది. కానీ ఆ రంగు ఉన్నది పైపూతలోనే, పింగాణీలో కాదు. మన ఇళ్లలో గిన్నెలు తోమేది స్టీలు పీచుతో. రోజుకు రెండుసార్లు ఆ పీచు తగిలితే పైపూత గీతలు పడుతుంది, నాసిరకం పూతైతే పేరు కూడా దానితోపాటే పోతుంది. డెకాల్, అంటే బొమ్మ అచ్చువేసిన పలచని పొర, అతికించి దాదాపు 800 డిగ్రీల బట్టీలో కాల్చిన కప్పులో రంగు గాజుపూతతో కలిసిపోతుంది, పీచుకు అంత సులభంగా లొంగదు. ఖర్చు ఎక్కువ, తక్కువ సంఖ్యలో చేయరు. అయినా ఐదు వందల చవక కప్పుల బదులు రెండు వందల గట్టి కప్పులు పంచడమే మేలని నా అభిప్రాయం.

ఇక పేరు ఎక్కడ ఉండాలన్నది. కుడిచేత్తో కప్పు ఎత్తితే ఒక పక్క తాగేవారి వైపు, రెండో పక్క ఎదుటివారి వైపు ఉంటుంది. కొత్త ఖాతాదారు కాగలిగింది ఆ ఎదుటి మనిషే. దుకాణం పేరు అటువైపు, చిన్న అక్షరాల్లో, తెలుగులో ఉంటే చాలు. తాగేవారి వైపు ఒక ముగ్గో, బొబ్బిలి వీణో, మా ఊరి గంట స్తంభమో గీయించవచ్చు. పొద్దున్నే లేచి యజమాని ఫొటో, మూడు ఫోన్ నంబర్లు, బ్రాంచీల జాబితా చూస్తూ కాఫీ తాగాలని ఎవరికీ ఉండదు.

శ్రీకాకుళంలో మా మేనమామ ఇంట్లో ఒక కప్పు ఉంది. చక్కని కప్పు, కొలత కూడా సరిపోయింది. ఇచ్చింది ఒక డిపాజిట్ల సంస్థ. కొన్నేళ్లకు ఆ సంస్థ బోర్డు తిప్పేసింది, మామయ్య దాచుకున్న డబ్బు వెనక్కి రాలేదు. కప్పు పగలలేదు కాబట్టి అత్తయ్య దాన్ని పారేయలేదు. కానీ కడిగి అరలో పెట్టేటప్పుడు పేరున్న పక్కను గోడవైపు తిప్పి పెడుతుంది. పక్కన నిలబడి చూసి నేనేమీ మాట్లాడలేకపోయాను. నాలుగు కాలాలు ఉండే వస్తువు మీద పేరు వేయించుకునే వ్యాపారి ఆ గోడవైపు తిరిగిన కప్పును గుర్తుంచుకోవాలి.

పన్ను విషయం చాలామంది దుకాణదారులకు ఆలస్యంగా తెలుస్తోంది. ప్రచార ఖర్చును వ్యాపార ఖర్చుల్లో చూపుకోవచ్చు. కానీ ఉచిత కానుకగా ఇచ్చిన వస్తువు కొన్నప్పుడు కట్టిన జీఎస్‌టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి తీసుకోవడానికి కేంద్ర జీఎస్‌టీ చట్టంలోని సెక్షన్ 17(5)(హెచ్) ఒప్పుకోదు. కప్పు అసలు ధర పన్నుతో కలిపి లెక్కేసుకోవాలి.

ఈ డబ్బంతా ఎక్కడికి పోతోందన్నది నన్ను ఎక్కువగా బాధపెట్టే ప్రశ్న. పింగాణీ కప్పులు ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జా లాంటి చోట్ల నుంచి వస్తాయి. మనకు చేతనైన పాత్రలు మనకు లేవా? శ్రీకాకుళం జిల్లా సరవకోట మండలం బుడితిలో కంచు, ఇత్తడి పోతపోసే పనివారున్నారు, ఆ కళకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఏళ్ల తరబడి తమనే నమ్ముకున్న ఇరవై ముప్పై మంది ఖాతాదారులకు ఒక వస్త్ర దుకాణం బుడితి కంచు గ్లాసు మీద పేరు చెక్కించి ఇస్తే అది ఆ ఇంట్లో మనవల దాకా ఉంటుంది. అందరికీ అంత పెట్టలేరు, నిజమే. మిగతావారికి చిన్న కప్పుతోపాటు వంద గ్రాముల అరకు కాఫీ పొడి ఇవ్వవచ్చు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ కాఫీ మన శృంగవరపుకోట ఘాట్ ఎక్కితే చేతికందే సరుకు. పొడి ఇంట్లో ఉంటే కప్పు ఆ రోజే కిందికి దిగుతుంది.

పండుగ ముందు ఆర్డరు ఇవ్వబోయే వ్యాపారులను ఒక్కటి కోరుతున్నాను. షాపులో అచ్చు నమూనా చూసి తలూపి రాకండి. ఒక నమూనా కప్పు ఇంటికి తీసుకెళ్లి, గిన్నెలు తోమేవారికి ఏమీ చెప్పకుండా మిగతా సామాన్లతో పాటు వేయండి. పదిహేను రోజులు మీ కాఫీ అందులోనే తాగండి. అప్పటికీ అది మీ వంటింట్లో కింది అరలోనే ఉంటే ఆర్డరు ఇవ్వండి.