తలుపు మూసి పక్షపాతమంటే ఎలా?

ఐక్యరాజ్యసమితి నిపుణుల మానవహక్కుల నివేదిక వెలువడిన మర్నాడు దాదాపు ప్రతి ప్రభుత్వమూ ఒకే పాట పాడుతుంది: ఇది ఏకపక్షం, దురుద్దేశపూరితం, వాస్తవదూరం. రాజధాని మారుతుంది తప్ప ప్రకటన మారదు. అదే నిపుణుడు గిట్టని దేశం గురించి రాస్తే మాత్రం అక్షరం పొల్లుపోకుండా ఉటంకిస్తారు.

ఐక్యరాజ్యసమితి మానవహక్కుల మండలి నియమించే ఈ నిపుణులు, అంటే ప్రత్యేక ప్రతినిధులు, ఐరాస ఉద్యోగులు కారు. జీతం ఉండదు. ఒక బాధ్యతలో ఆరేళ్లకు మించి కొనసాగరాదు. అధికారిక పర్యటనకు ఆయా దేశం రమ్మంటేనే వెళ్లాలి. అరెస్టు చేసే అధికారం లేదు, శిక్ష వేసే అధికారం అసలే లేదు. చూసింది, విన్నది రాయడమే పని. పక్షపాతం లేదన్న నమ్మకం పోతే వాళ్ల చేతిలో మిగిలేది కాగితమే. ఆ నమ్మకాన్ని కాపాడాల్సిన పూచీ నిపుణులది, ప్రభుత్వాలది కూడా. కాకపోతే తాళంచెవి ప్రభుత్వం దగ్గరుంది కాబట్టి ముందుగా అడగాల్సింది ప్రభుత్వాన్నే అని మేము భావిస్తున్నాం.

క్యూబాలో అమెరికా నడిపే గ్వాంటనామో సైనిక జైలు సంగతే తీసుకోండి. 2005లో నిపుణులను అమెరికా రమ్మంది, ఖైదీలతో ఏకాంతంగా మాట్లాడటం మాత్రం కుదరదంది. అధికారి పక్కన నిలబడి ఉండగా ఖైదీ నోరు విప్పుతాడా? నిపుణులు వెళ్లలేదు. 2006 ఫిబ్రవరిలో బయట దొరికిన సమాచారంతోనే నివేదిక ఇస్తే, వచ్చి చూడకుండా రాశారని అమెరికా తప్పుపట్టింది! అదే జైలుకు 2023లో ప్రత్యేక ప్రతినిధి ఫినూలా నీ ఏలాన్‌ను అనుమతించారు, ఖైదీలను కలవనిచ్చారు. అక్కడి పరిస్థితులు క్రూరం, అమానుషం అని ఆమె రాశారు. తలుపు తెరిచినందుకు ప్రభుత్వాన్ని మెచ్చుకున్నారు కూడా. చాలా అంశాలతో ఏకీభవించడం లేదని అమెరికా జవాబిచ్చింది. ఎవరి మాట వారిది, రెండూ జనం ముందున్నాయి. ఇంతకన్నా కావాల్సిందేముంది?

ఆ మర్యాద ఎంతోకాలం నిలవలేదు. 2025 జులైలో అదే దేశం పాలస్తీనా భూభాగాల ప్రత్యేక ప్రతినిధి ఫ్రాన్చెస్కా అల్బనీసీపై ఆంక్షలు విధించింది. ఆమె మాటలపై అభ్యంతరముంటే ఎన్ని పేజీల ఖండనైనా రాయొచ్చు. విధి నిర్వహణలో అన్న మాటకు నిపుణుణ్ని కోర్టుకీడ్చడం చెల్లదని అంతర్జాతీయ న్యాయస్థానం 1999లోనే తేల్చింది. మలేషియాకు చెందిన ప్రత్యేక ప్రతినిధి పరం కుమారస్వామి ఓ పత్రికకిచ్చిన ఇంటర్వ్యూపై కోట్ల డాలర్ల పరువునష్టం దావాలు పడ్డ కేసది. కోర్టుతో కుదరని పని ఆంక్షలతో కానిస్తామంటే సబబు కాదు.

నిష్పాక్షికత అంటే గోడమీద పిల్లివాటం కాదు. తప్పు ఒకవైపే ఉంటే ఒకవైపే రాయాలి. పరీక్షించాల్సింది ముగింపును కాదు, అక్కడికి చేరిన దారిని. 2005 చివర్లో చిత్రహింసల అంశంపై ప్రత్యేక ప్రతినిధి మాన్‌ఫ్రెడ్ నోవాక్ చైనా వెళ్లారు. ఖైదీలతో ఎంతసేపు మాట్లాడాలో జైలు సిబ్బంది డ్యూటీ వేళలే నిర్ణయించాయి. కెమెరా లోపలికి రానివ్వలేదు. బాధితుల బంధువులు ఆయన్ను కలవకుండా భద్రతా సిబ్బంది అడ్డుపడ్డారు. చిత్రహింసలు విస్తృతంగా ఉన్నాయని ఆయన రాశారు, చైనా ఆ మాటను కాదంది. అయితే అదే నివేదికలో చిత్రహింసలు, ముఖ్యంగా పట్టణాల్లో, తగ్గుముఖం పట్టాయని కూడా ఉంది. కసి పెట్టుకున్నవాడు ఆ వాక్యం రాయడు.

నిపుణులందరూ ఇంత జాగ్రత్తగా ఉంటున్నారా అంటే, లేదు. 2007 నాటి ప్రవర్తనా నియమావళి స్పష్టంగానే ఉంది: నిర్ధారణలు ముందు సంబంధిత ప్రభుత్వానికి అందాలి, జవాబుకు తగినంత గడువివ్వాలి, ఆ జవాబును నివేదికకు జతచేయాలి. విచారణ మొదలుకాకముందే సోషల్ మీడియాలో తీర్పులిచ్చేవారికి ఇవి గుర్తుంటున్నట్లు లేదు. ఇదే మండలి వేసిన గాజా విచారణ సంఘం అధ్యక్షుడు విలియం షాబాస్, అంతకుముందు పాలస్తీనా విమోచన సంస్థకు డబ్బు తీసుకుని న్యాయసలహా ఇచ్చిన సంగతిపై వివాదం రేగడంతో 2015లో తప్పుకోవాల్సి వచ్చింది. ఆ మొత్తం చిన్నదే. ముందే చెప్పి ఉంటే ఇంత రాద్ధాంతం జరిగేది కాదు. కొందరు నిపుణుల పనికి ప్రభుత్వాలు, ఫౌండేషన్లు విడిగా ఇచ్చే నిధులదీ ఇదే తంతు. ఎవరు ఎంతిచ్చారో, దేనికిచ్చారో ఏటా ఒకేచోట ప్రకటించడానికి మండలికి అడ్డేమిటి?

ఇక ప్రభుత్వాల వంతు. ఆరోపణలపై నిపుణులు రాసే లేఖకు సాధారణంగా 60 రోజుల గడువుంటుంది. ఆ తర్వాత లేఖ, జవాబు వస్తే జవాబు, బహిరంగమవుతాయి. జవాబివ్వకుండా ఊరుకుని, మా వాదన వినలేదని గోలపెట్టడం ఆడలేక మద్దెల ఓడన్నట్లే. మండలిలోని 47 సభ్యదేశాలు దానికి పూర్తిగా సహకరించాలని మండలిని నెలకొల్పిన 2006 తీర్మానంలోనే ఉంది. ఆ స్థానాలకు ఓటింగ్ జరిగేది జనరల్ అసెంబ్లీలో. పోటీలో ఉన్న ఒక్కో దేశం దగ్గర నిపుణుల పర్యటన విజ్ఞప్తులు ఎన్నేళ్లుగా మూలుగుతున్నాయో, ఎన్ని లేఖలకు జవాబు రాలేదో ఓటింగ్‌కు ముందు ఆ సభలోనే చదివి వినిపించాలి.