అంకోర్ కింది ఇసుక తడి ఆరకూడదు

కంబోడియా ఆలయాల మరమ్మతు అనగానే అందరి చూపూ శిల్పాల మీదికే పోతుంది. నా దృష్టిలో ముందు చూడాల్సింది పునాది కింద పోసి దిమ్మిస కొట్టిన ఇసుకను.

అంకోర్ ఆలయాలు కట్టిన ఖ్మేర్ ప్రజల కట్టడంలో సున్నం అతుకు లేదు. పునాదికి, ప్రహరీకి లాటరైట్ అనే ఎర్రరాయి వాడారు. తవ్వేటప్పుడు అది మెత్తగా తెగుతుంది, గాలి తగిలాక గట్టిపడుతుంది. పైన కనిపించే ఇసుకరాయిని కులేన్ కొండల పాదాల నుంచి తెచ్చారు. పై రాయిని వేలాడదీసి, కింది రాయి మీద ముందుకూ వెనక్కూ ఆడిస్తూ సందు లేకుండా కూర్చునేదాకా అరగదీసేవారు. అంకోర్‌లోని బయోన్ ఆలయం గోడ మీద ఆ పని చెక్కి ఉంది.

ఇసుకరాయికి పొరలుంటాయి. పొర అడ్డంగా ఉంటే ఎంత బరువైనా మోస్తుంది. పొడవాటి స్తంభాల్లో మాత్రం పొర నిలువుగా పడింది. నేల తేమ ఎగబాకి, గబ్బిలాల రెట్టలోని లవణాలను మోసుకొచ్చి, ఆరేటప్పుడు స్ఫటికాలుగా మిగులుస్తుంది. అవి పొరలను విడదీయడంతో స్తంభాల మొదళ్లు పెచ్చులూడుతున్నాయి. అక్కడ సిమెంటు మెత్తితే తేమకు దారి మూసుకుపోయి పక్క రాయి చెడుతుంది. 1986–93లో అంకోర్ వాట్‌లో మన పురావస్తు శాఖ చేసిన పని మీద సిమెంటు, రసాయనాల విషయంలోనే విమర్శలు వచ్చాయి.

ఇక ఇసుక సంగతి. నాలుగువైపులా బిగించిన తడి ఇసుక కొండంత బరువు మోస్తుంది. రామప్ప గుడి కట్టినవారికీ ఈ కిటుకు తెలుసు. నీరు ఎక్కువైనా తక్కువైనా ప్రమాదమే. అంకోర్‌లోనే ఉన్న బాఫువోన్ ఆలయంలో వాన నీరు సందుల్లోంచి దిగింది. లోపలి ఇసుక నాని బరువెక్కి, నిటారు గోడలను బయటికి తోసింది. 1960ల్లో దాన్ని విప్పి, లోపల కాంక్రీటు గోడలతో తిరిగి కట్టడం మొదలుపెట్టారు. కంబోడియా అంతర్యుద్ధంతో పని ఆగింది, రికార్డులు పోయాయి. సుమారు 3 లక్షల రాళ్లలో ఏది ఎక్కడిదో మళ్లీ వెతుక్కోవాల్సి వచ్చింది. 1995లో తిరిగి చేపట్టిన పని 2011కు గానీ పూర్తికాలేదు.

ఇప్పటి బెడద దానికి తలకిందులు. అంకోర్ పక్కనున్న సియెమ్ రీప్ పట్టణంలోని హోటళ్లు బోర్లతో తోడే కొద్దీ నీటిమట్టం దిగుతుంది. ఇసుక ఆరి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కుంగితే, అతుకు లేని రాళ్ల మధ్య సందు తెరుచుకుంటుంది. అంకోర్ వాట్ చుట్టూ 190 మీటర్ల వెడల్పున ఉన్న కందకాన్ని అందం కోసమని అనుకోవద్దు. పునాది తడి నిలబడేది దానివల్లే. అందుకే కందకంలోనూ, ప్రతి ఆలయం పక్కనా నీటిమట్టాన్ని క్రమం తప్పకుండా కొలవాలి. మట్టం పడిపోతే చుట్టుపక్కల బోర్లు ఆపించే అధికారం ఆ కొలిచేవారికే ఉండాలి.