రాజధానులకు కరువా మనకి!

ఏదైనా ఊరి గురించి పరిచయ వ్యాసం రాయమంటే చాలామంది జంకుతారు. జంకాల్సిన పనేం లేదు. మొదటి వాక్యంలోనే ఆ ఊరిని దేనికో ఒకదానికి రాజధానిని చేసెయ్యాలి. తిరుపతి ఆధ్యాత్మిక రాజధాని, రాజమండ్రి సాంస్కృతిక రాజధాని, విశాఖ ఆర్థిక రాజధాని, బెజవాడ వాణిజ్య రాజధాని. దీనికి జీవో అక్కర్లేదు, శంకుస్థాపన అక్కర్లేదు. అసలు రాజధాని సంగతికొస్తేనే పేచీ. 1953లో కర్నూలు, 1956లో హైదరాబాదు, 2015లో అమరావతికి శంకుస్థాపన, 2020లో మూడు రాజధానుల చట్టం, 2021లో దాని ఉపసంహరణ. 1954లో గుంటూరుకి హైకోర్టు వచ్చింది. కుర్చీలు సర్దుకునేలోపే, 1956లో అదీ లేచిపోయింది.

రాజధాని పదవులు నిండుకుంటే పెద్ద ఊళ్ల పేర్లు అరువు తెచ్చుకోవచ్చు. ప్రొద్దుటూరు రెండో ముంబై. ఆదోని కూడా రెండో ముంబైయే. మూడో ముంబై పోస్టు మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది, ఆసక్తి ఉన్న మున్సిపాలిటీలు చూసుకోవచ్చు. ఊళ్లో కాలువలున్నాయి గనక తెనాలి ఆంధ్రా ప్యారిస్ అయిందంటారు. కాలువలుంటే వెనిస్ కావాలి కదా అని అడిగేవాళ్లని వ్యాసం దరిదాపులకి రానివ్వకూడదు. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ మూడూ ఉన్న బెజవాడకి దక్కిన బిరుదు మాత్రం, మండే ఎండల పుణ్యమా అని, బ్లేజ్‌వాడ.

బెజవాడ గురించైతే భౌగోళిక విభాగంలో ‘కృష్ణమ్మ ఒడిలో’ అన్న మాట తప్పనిసరి. బుడమేరు వాగు ఊసు ఎత్తకూడదు. ఎత్తితే చాలా చెప్పాల్సొస్తుంది. బుడమేరు వరదని వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర ఆపి, మళ్లింపు కాలువలోంచి ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. కృష్ణ మామూలుగా ఉంటే ఏర్పాటు భేషుగ్గా పనిచేస్తుంది. కృష్ణే పొంగిందనుకోండి, మళ్లింపు కాలువ నీళ్లు నదిలోకి దిగవు, వెనక్కి తంతాయి, గట్లు తెగుతాయి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు బెజవాడ సింగ్ నగర్ వాసులు ఈ పాఠం మేడల మీద నిలబడి చదువుకున్నారు. ఇదంతా రాస్తే ‘ఒడిలో’ అన్న మాటకి అర్థం మారిపోతుంది.

ఇక ఆర్థిక వ్యవస్థ. ‘ఆసియాలోనే అతి పెద్ద’ అని మొదలుపెట్టాలి. బెజవాడ ఆటోనగరైనా సరే, గుంటూరు మిర్చి యార్డైనా సరే. రాసేటప్పుడు ఆసియా మ్యాపు ఎదురుగా పెట్టుకోవడం అంత మంచిది కాదు. యార్డు లోపలికి అసలే వెళ్లకూడదు. వెళ్తే తుమ్ముల మధ్య కొన్ని నిజాలు కనబడతాయి. బాగా ఎండిన కాయ బస్తాకెత్తేటప్పుడు పొడిపొడి అవుతుందని రైతు కాసిని నీళ్లు చిలకరిస్తాడు. కాయ విరగదు, తూకమూ కాస్త పెరుగుతుంది. కానీ ఆ తేమే బస్తా నడుమ బూజవుతుంది. కొనేవాడు పైకాయ చూసి మురిసిపోయే రకం కాదు. చెయ్యి అడుగుదాకా పోనిచ్చి ఒక కాయ తీసి విరుస్తాడు. ఫెళ్లున విరిగితే ఒక ధర, సాగి వంగితే ఇంకో ధర. రంగు పోయి తెల్లబారిన తాలు కాయలకి వేరే ధర, దాన్ని ధర అనడం మర్యాద కోసమే. రేటు నచ్చకపోతే కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోవచ్చు, అక్కడ కాయ రంగు నిలుస్తుంది. అద్దె, వడ్డీ కూడా చెక్కుచెదరకుండా నిలుస్తాయి. ఇన్ని తిప్పలు ఎందుకు, ‘ఘాటైన గుంటూరు’ అని రెండు ముక్కలు రాసేస్తే సరి.

చివర్లో సంస్కృతి. ఎక్కువ రాయనక్కర్లేదు, కొండపల్లి బొమ్మ ఫోటో ఒకటి వేస్తే చాలు, ఏనుగు అంబారీ అయితే నిండుగా ఉంటుంది. బొమ్మలు చెక్కే తెల్లపొణికి కర్ర దొరకడం కష్టమైపోయిందని అక్కడివాళ్లు చెబుతారు. ఫోటో కింద అంత చోటుండదు.