రఫ్‌నెక్: గరుకు మెడదా, మనిషిదా?

చమురు బావి తవ్వే రిగ్గు మీద పైపులతో కుస్తీ పట్టే కార్మికుణ్ణి అమెరికాలో ‘రఫ్‌నెక్’ అంటారు. మాటకు మాట పెడితే ‘గరుకు మెడ’. ఎండకు కమిలి, చమురు జిడ్డు పట్టి మెడ మొద్దుబారుతుంది కాబట్టే ఆ పేరని చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. తేదీలే ఒప్పుకోవు. ఈ మాట 1836 నాటికే అచ్చులో ఉంది. అమెరికా చమురు పరిశ్రమకు నాంది పలికిన ఎడ్విన్ డ్రేక్ బావికి, పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్‌లో, చమురు పడింది 1859లో. ఇరవైమూడేళ్లు పెద్దదైన మాటకు చమురు మరక ఎలా అంటుతుంది?

ఆ 1836 నాటి వాడుకే అసలు గుట్టు విప్పుతుంది. అక్కడ రఫ్‌నెక్‌లకు ఎదురుగా నిలబెట్టింది శుభ్రమైన చొక్కాలు, పట్టు మేజోళ్లు తొడిగిన పెద్దమనుషులను. అంటే గరుకుదనం చర్మానిది కాదు, తరగతిది. మనం ‘మొరటు మనిషి’ అన్నప్పుడు చేతులు తడిమి చూసి అనం కదా! పెద్దమనుషుల నోట అది తిట్టు. రిగ్గు మీదివాళ్లు మాత్రం దాన్నే దర్జాగా తగిలించుకున్నారు.

రిగ్గు మీదే సామాను మోసి, తుడిచి, రంగులు వేసే ‘రౌస్ట్‌అబౌట్’ పేరూ చమురుది కాదు. మిసిసిపీ నది పడవల మీద సరుకు మోసిన కూలీలది. కూలీలు పని వెతుక్కుంటూ వెళ్లిన చోటికల్లా పేర్లూ వెళ్లాయి. (రిగ్గు మీద నిలబడే ఇనుప గోపురాన్ని ‘డెరిక్’ అంటారే, అది లండన్‌లో ఒకప్పటి తలారి పేరు.)

రఫ్‌నెక్ పని దగ్గర నుంచి చూడాలి. సుమారు 30 అడుగుల పైపు పైనుంచి వేలాడుతూ వస్తుంది. దాన్ని వాటేసుకుని, బావిలో ఉన్న పైపు మూతి మీద నిలపాలి. వెనకటి రోజుల్లో పైపు చుట్టూ ఇనుప గొలుసు విసిరి, దాన్ని లాగి మర బిగించేవారు. ఆ గొలుసు చాలామంది వేళ్లు తీసుకుంది. కింద బురద, జారుడు.

ఇప్పుడు చాలా రిగ్గుల మీద ఆ బిగింపు యంత్రానిది. దాని పేరు ‘ఐరన్ రఫ్‌నెక్’. కొత్త రిగ్గుల్లో దాన్ని గాజు గదిలో కూర్చుని మీటలతో నడుపుతారు. నడిపేవాడి చొక్కా శుభ్రంగానే ఉంటుంది.